ఒక కొండ మొక్కలు, మరో కొండ పటం

కాలు మోపడానికి జానెడు చోటుంది. కొన్నిచోట్ల అదీ లేదు. ఎడమ పక్క నున్నగా గడ్డకట్టిన మంచు వాలు. కుడి పక్క సుమారు మూడు వందల మీటర్ల అగాధం. నిలబడి నడిచే వీల్లేక నలుగురూ చేతులూ కాళ్లూ ఆనించి ఒకరి వెనక ఒకరు పాకుతున్నారు. పట్టుకున్న రాయి పట్టుకున్నట్టే ఊడి చేతికొస్తోంది. పదును రాళ్లకు అరచేతులు చీరుకుపోయాయి. చిగుళ్ల నుంచి రక్తం కారుతోంది. కళ్లు ఎర్రబడ్డాయి. కడుపులో తిప్పుతోంది. పొగమంచు ఎంతగా కమ్మేసిందంటే, ఎక్కుతున్న శిఖరం ఎటుందో కూడా తెలియడం లేదు.

అది 1802 జూన్ 23. కొండ పేరు చింబొరాజో. ఈనాటి ఈక్వెడార్ అప్పట్లో స్పెయిన్ ఏలుబడిలో ఉంది. చింబొరాజోను మించిన ఎత్తు ప్రపంచంలో లేదని ఆనాటి యూరప్ నమ్మకం.

పాకుతున్న నలుగురిలో ఒకరు అలెగ్జాండర్ ఫాన్ హంబోల్ట్, 32 ఏళ్ల జర్మన్. గనుల అధికారిగా చేసిన ఉద్యోగం వదిలేసి, తల్లి పోయాక వచ్చిన ఆస్తి ఖర్చు పెట్టుకుని 1799లో అమెరికా ఖండానికి ఓడెక్కారు. రెండో మనిషి ఎమె బోంప్లాన్, ఫ్రాన్సు వాడు, చదివింది వైద్యం, ప్రాణం మాత్రం మొక్కల మీద. మూడో వాడు కార్లోస్ మోంటూఫర్. క్విటోలోని ఓ ప్రభువు కొడుకు, ఇరవయ్యొక్కేళ్ల కుర్రాడు. తర్వాతి రోజుల్లో స్వాతంత్ర్య పోరాటంలోకి దూకి, 1816లో స్పెయిన్ సైనికుల తుపాకులకు బలయ్యాడు. నాలుగో మనిషి దగ్గరి సాన్ హువాన్ గ్రామస్థుడు. వెంట వచ్చిన తక్కినవాళ్లంతా మంచు మొదలయ్యే చోటనే వెనుదిరిగితే, ఆయన ఒక్కడే చివరిదాకా నిలిచాడు. చరిత్రలో ఆయన ఊరి పేరుంది. ఆయన పేరు లేదు.

హంబోల్ట్ పాదానికి అప్పటికే పుండు. నానిన బూట్లలో ఒక్కో అడుగూ నరకం. అయినా బారోమీటరును పదిలంగా మోసుకెళ్లారు. పాదరసం నింపిన పొడవాటి గాజు గొట్టం అది. పగిలిందా, మళ్లీ తెప్పించుకోవాలంటే సముద్రం దాటాలి. ఉన్నట్టుండి దారి తెగిపోయింది. ఎదురుగా నూట ఇరవై మీటర్ల లోతు గండి. దాటే మార్గం లేదు. అక్కడే బారోమీటరు నిలబెట్టి పాదరసం ఎక్కడిదాకా దిగిందో చూశారు. చలి సున్నాకి 1.6 డిగ్రీలు దిగువన. లెక్క కడితే ఎత్తు 5,878 మీటర్లని తేలింది. అంత ఎత్తుకు వెళ్లిన మనిషి అప్పటికి యూరప్‌కు తెలిసి ఎవరూ లేరు. యూరప్‌కు తెలియకపోయినా ఇంకాలు అంతకు శతాబ్దాల ముందే అంతకన్నా పైకి వెళ్లారు. అర్జెంటీనా సరిహద్దులోని యుయాయాకో శిఖరం మీద, 6,700 మీటర్లకు పైన, వాళ్లు బలిచ్చిన పిల్లల దేహాలు 1999లో దొరికాయి.

వడగళ్లు మొదలయ్యాయి. కాసేపటికి మంచు కురిసింది. నలుగురూ దిగిపోయారు.

ఈ ఆరోహణ ప్రపంచమంతా మోగింది. మన కథకు కావలసింది మాత్రం ఎత్తు కాదు. ఆ దారిలో రాతికి అతుక్కుని కనిపించిన ఆఖరి లైకెన్లు, వాటికి దిగువన గడ్డి, ఇంకా దిగువన పొదలు, ఆ కింద అడవి. హంబోల్ట్ మనసంతా ఈ అంచుల మీద ఉండేది. ఏ మొక్క ఎంత ఎత్తులో మొదలై ఎంత ఎత్తులో ఆగిపోతోంది? ఎందుకు అక్కడే ఆగుతోంది? భూమధ్యరేఖ దగ్గర ఎత్తయిన కొండ ఎక్కడమంటే, ఉష్ణమండలం నుంచి ధ్రువం దాకా చేసే ప్రయాణాన్ని రెండు మూడు రోజుల్లో ముగించడమే. కింద అరటి, తాటి జాతులు. పైన లైకెన్, ఆపైన మంచు. మొక్కలు వాతావరణాన్ని బట్టి పట్టీలు పట్టీలుగా సర్దుకుని బతుకుతాయని లోకానికి చూపించడమే ఆయన ఆశయం.

చూపించారు కూడా. 1803లో గువాయాకిల్ రేవులో గీసిన ముసాయిదా, 1807లో పారిస్‌లో పెద్ద రంగుల పటంగా అచ్చయింది. కొండను నిలువుగా కోస్తే కనిపించే రూపం అది. కోసిన భాగమంతా సన్నటి అక్షరాలతో మొక్కల పేర్లు, ఏది ఎంత ఎత్తులో పెరుగుతుందో ఆ ఎత్తులోనే. రెండు పక్కలా పట్టికలు: ఉష్ణోగ్రత, గాలి పీడనం, తేమ, ఆకాశపు నీలిమ, ఏ ఎత్తులో ఏ పంట, ఏ జంతువు. వృక్షభూగోళశాస్త్రానికి అది పుట్టుపత్రం. ఆ పటంలోని కొండ చింబొరాజో.

ఆ కొండ ఎక్కి రెండు వందల పదేళ్లు గడిచాయి.

2012లో డెన్మార్క్‌లోని ఆర్హుస్ విశ్వవిద్యాలయానికి చెందిన నయా మొరుయేటా-హోమ్, యెన్స్-క్రిస్టియన్ స్వెన్నింగ్‌ల బృందం అదే చింబొరాజో ఎక్కింది. ప్రశ్న సూటిగా ఉంది: పటంలోని మొక్కలు ఇప్పుడెక్కడున్నాయి? 3,800 మీటర్ల నుంచి మెట్టు మెట్టుగా పైకి వెళ్తూ, ఆగిన ప్రతిచోటా ఏ మొక్క ఉందో రాసుకున్నారు. హంబోల్ట్ పటంలో పూలమొక్కలు 4,600 మీటర్ల దగ్గర ఆగిపోయాయి. వీళ్లకు 5,185 మీటర్ల దగ్గర కూడా పచ్చటి ప్రాణం కనిపించింది. మంచు అంచు 4,814 మీటర్ల నుంచి 5,270 మీటర్లకు జరిగిపోయింది. మొత్తం మీద మొక్కల పట్టీలు సగటున 500 మీటర్లకు పైగా పైకి ఎగబాకాయని 2015లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ పత్రికలో ప్రకటించారు. ప్రపంచమంతటా పత్రికలు దీన్ని ప్రముఖంగా వేశాయి. వేయకుండా ఎలా ఉంటాయి? భూమి వేడెక్కడం మీద రెండు శతాబ్దాల నాటి సాక్షి దొరికాడాయె.

ఆ సాక్ష్యాన్ని అందరూ ఒప్పుకోలేదు. ఆండీస్ ఎత్తుల్లోని పారమో గడ్డిభూముల మీద ఏళ్ల తరబడి పనిచేసిన చెక్ వృక్షశాస్త్రవేత్త పెటర్ స్క్లెనార్ 2016లో అదే పత్రికకు అభ్యంతరం రాశారు. మొక్కలు పైకి వెళ్లలేదని ఆయన అనలేదు. లెక్కకు ఆధారమైన పాత సమాచారం నమ్మదగింది కాదన్నారు. పోలికకు పునాది హంబోల్ట్ పటం. మరి ఆ పటానికి పునాది ఏది? చిత్రమేమిటంటే, రెండు వందల ఏళ్లుగా ఆ పటాన్ని పొగిడినవాళ్లే గానీ దాని వెనకున్న చిట్టాలను విప్పి సరిచూసినవాళ్లు లేరు.

ఆ పని ఫ్రాన్సుకు చెందిన పియెర్ మోరే తలకెత్తుకున్నారు. ఆయన వృత్తి పురావస్తు పరిశోధన. దానికి తోడు ఆండీస్ పై ఎత్తుల్లోని పెంకుపురుగుల మీద నిపుణుడు. పాత కాగితాలు చదవడమూ తెలుసు, ఆ కొండల మీద నడవడమూ తెలుసు. పక్కన ఒలివియే డాంగ్ల్, క్విటో నుంచి ప్రిసిల్లా మురియెల్, రికార్డో హరమీయో ఉన్నారు. ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇది. ఇక్కడ కొండచరియలు లేవు, అగాధాలు లేవు. ఉన్నవి కాగితాలు.

హెర్బేరియం షీటు ఒకటి ఊహించుకోండి. వయసుకు రంగు మారిన దళసరి కాగితం. దాని మీద అణచి, ఎండబెట్టి అతికించిన మొక్క. ఆకుల మీద ఒకప్పటి తెల్లటి నూగు ఇంకా మిగిలే ఉంది, రంగు మాత్రం పోయింది. కింద మూలన చిన్న చీటీ, చీటీ మీద ఒక అంకె. ఆ అంకె పట్టుకుని బోంప్లాన్ క్షేత్ర పుస్తకం తెరిస్తే, ఆ మొక్కను ఎక్కడ కోశారో దొరుకుతుంది. కొండ పేరు దొరుకుతుంది. అదృష్టం బాగుంటే ఎత్తు కూడా, మీటర్లలో కాదు, ఆనాటి ఫ్రెంచి కొలత ట్వాజుల్లో. ఒక ట్వాజు దాదాపు 1.95 మీటర్లు. షీటు, చీటీ, పుస్తకం, హంబోల్ట్ దినచర్య, ఆ తర్వాత వృక్షశాస్త్రవేత్త కార్ల్ కూంట్ ఏడు సంపుటాలుగా అచ్చువేసిన మొక్కల వర్ణనలు. ఒక్కో మొక్కనూ ఈ వరుసన వెనక్కి నడిపించుకుంటూ పోయారు.

పోగా పోగా తేలిందేమిటంటే, పటంలో చింబొరాజో పైభాగాన, చెట్ల అంచుకు ఎగువన పేర్లు రాసిన మొక్కల్లో ఎక్కువ భాగం చింబొరాజోవి కావు. అంటిసానావి.

కాబట్టి మనమూ మూడు నెలలు వెనక్కి వెళ్లాలి. 1802 మార్చి. క్విటోకి ఆగ్నేయంగా అంటిసానా అనే అగ్నిపర్వతం ఉంది. 5,700 మీటర్లు దాటిన ఎత్తు, నెత్తిన మంచు. దాని పాదాన 4,100 మీటర్ల దగ్గర పశువుల పెంపకందారుల రాతి ఇల్లు ఒకటుంది. అల్లూరి సీతారామరాజు జిల్లాలో అన్నిటికన్నా ఎత్తయిన శిఖరాలే 1,700 మీటర్లు దాటవు. ఆ ఇంటి గడపే దానికి రెట్టింపుకు మించిన ఎత్తులో ఉంది. హంబోల్ట్, బోంప్లాన్, మోంటూఫర్ ఆ ఇంట్లో రాత్రి గడిపి, పైకి ఎక్కారు.

అంటిసానా వాలు మీద నేల ఎలా ఉంటుందో చెప్పాలి. దూరం నుంచి చూస్తే పచ్చటి గుండ్రాళ్లు పరిచినట్టుంటుంది. దగ్గరికెళ్తే అవి రాళ్లు కావు, మొక్కలు. ఒక్కో గుబురులో వేల కొద్దీ చిన్న చిన్న కొమ్మలు, ఒకదాన్నొకటి ఒరుసుకుని, సందు లేకుండా బిగుసుకుని ఉంటాయి. కాలు వేసినా కుంగనంత గట్టిగా ఉంటాయి కొన్ని. ఆ ఎత్తులో పగలు ఎండ చర్మాన్ని కాలుస్తుంది, ఏడాది పొడవునా రాత్రిళ్లు గడ్డకట్టే చలి. ఈ గుబురు తన కడుపులో పగటి వేడిని దాచుకుంటుంది, రాలిన తన ఆకులనే మట్టిగా మార్చుకుంటుంది, గాలికి తల ఎత్తదు. దాని మీదే ఇంకో నాలుగు రకాల మొక్కలు వేళ్లూనుకుంటాయి. ఇంకాస్త పైకి వెళ్తే, మంచుకు దగ్గరగా, వదులు బూడిదమట్టిలో ఒళ్లంతా తెల్లని ఊలు కప్పుకున్నట్టుండే మొక్క కనిపిస్తుంది. దాన్ని ఇప్పుడు సెనెషియో నివాలిస్ అంటున్నారు. ఆ నూగే దానికి చలికి కవచం, ఎండకు గొడుగు. ఇలాంటివాటిని బోంప్లాన్ ఏరి, కాగితాల మధ్య పెట్టి, అంకె వేశారు.

ఆ మొక్కలే తర్వాత చింబొరాజో పటంలోకి ఎక్కాయి. ఇది మోసం కాదు. హంబోల్ట్ ఆ పటాన్ని ఒకే కొండ చిత్రంగా కాక, భూమధ్యరేఖ దగ్గరి ఆండీస్ మొత్తానికి నమూనాగా గీశారు. పేరున్న కొండ చింబొరాజో, అందుకే అది బొమ్మయింది. ఇక్కడో చిక్కుంది. చెట్ల అంచుకు పైభాగంలో కొన్ని ఎత్తులు సరిచూసినవి కావు, అంచనాలు. కొన్ని తప్పులు కూడా. ఆ సంగతి ఆయనకే బాగా తెలుసు. 1859లో, 89 ఏళ్ల వయసులో కన్నుమూసేలోపు వేసిన పుస్తకాల్లో ఆ అంకెలను దిద్దుతూనే వచ్చారు. లోకం మొదటి పటాన్నే గోడకు తగిలించుకుంది. దిద్దుబాట్లను ఎవరూ చదవలేదు.

మోరే బృందం 2017లో అంటిసానా ఎక్కింది. అసలు మొక్కలు కోసిన కొండ మీదే, వాటి వారసులు ఇప్పుడు ఎంత ఎత్తులో ఉన్నాయో చూశారు. ఫలితం 2019లో వచ్చింది: 215 ఏళ్లలో 215 నుంచి 266 మీటర్లు. దశాబ్దానికి పది, పన్నెండు మీటర్లు. మునుపటి అంచనాలో సగం.

సగమేనా అని ఊపిరి పీల్చుకునేవాళ్లుంటారు. నేను ఆ పని చేయలేను. 500 అనే అంకె తప్పు కొండ మీద నిలబడింది, ఎవరు తోసినా పడిపోయేది. 215 మీటర్లు అసలు కొండ మీద నిలబడింది. పైగా ప్రపంచంలో మరెన్నో కొండల మీద కొలిచిన వేగంతో సరిపోలింది. చిన్న లెక్క చూడండి. పైకి వెళ్లేకొద్దీ ప్రతి వంద మీటర్లకు ఉష్ణోగ్రత సుమారు 0.6 డిగ్రీలు తగ్గుతుంది. అంటే ఒక డిగ్రీ వేడి పెరిగితే, పాత చల్లదనం కావాలనుకున్న మొక్క 160, 170 మీటర్లు పైకి పోవాలి. హంబోల్ట్ ఆ కొండలు ఎక్కింది చిన్న మంచుయుగం చివరి రోజుల్లో. హిమానీనదాలు అప్పుడు ఇప్పటికన్నా చాలా కిందికి దిగి ఉండేవి. ఆ తర్వాతి వేడికి మొక్కల అడుగులు దాదాపు తాళం తప్పకుండా పడ్డాయి.

ఇక్కడికి రెండు వందల ఏళ్ల సంగతి. కొండ మొక్కలు అంతకుముందు ఏం చేశాయి? దీనికి మనుషులు రాసిన చీటీలు లేవు. మొక్కలు తామే వదిలిన చీటీలున్నాయి.

1951లో టోమాస్ ఫాన్ డెర్ హామెన్ అనే డచ్చి యువ శాస్త్రవేత్త కొలంబియాకు వచ్చారు. బొగోటా నగరం ఉన్నది 2,550 మీటర్ల ఎత్తున ఒక విశాలమైన మైదానంలో. అది ఒకప్పుడు సరస్సు. లక్షల ఏళ్ల పాటు చుట్టుపక్కల కొండల మీది మొక్కల పుప్పొడి గాలికి వచ్చి ఆ నీళ్లలో పడి, ఏటేటా బురదలో పూడిపోయింది. పుప్పొడి పైపొర మహా మొండిది. బురదను ఘాటైన ఆమ్లాల్లో నానబెడితే ఇసుక కరిగిపోతుంది గానీ పుప్పొడి కరగదు. దాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి ఒక్కో రేణువునూ గుర్తుపట్టి లెక్కించాలి. ఇది ఓక్, ఇది ఆల్డర్, ఇది గడ్డి, ఇది పారమోలో పెరిగే పొద్దుతిరుగుడు కుటుంబపు మొక్క. వందల రేణువులు లెక్కపెడితే బురదలో ఒక పొర తెలుస్తుంది. అటువంటి పొరలు వేలున్నాయి. ఆయనా, ఆయన శిష్యులూ తవ్విన బావుల్లో ఒకటి భూమిలోకి ఐదు వందల మీటర్లకు పైగా దిగింది.

ఆ బురద చెప్పిన సంగతి వింటే ఒళ్లు గగుర్పొడుస్తుంది. సుమారు ఇరవై వేల ఏళ్ల కిందట, చివరి మంచుయుగం ముదిరినప్పుడు, కొలంబియా ఆండీస్‌లో అడవి పై అంచు దాదాపు 2,000 మీటర్లకు దిగిపోయింది. ఇప్పుడది 3,200 మీటర్లకు పైన ఉంది. బొగోటా ఉన్న చోట ఆనాడు అడవి లేదు, పారమో గడ్డి ఊగేది. ఇవాళ కొండకొనల మీద విడివిడిగా దీవుల్లా మిగిలిన పారమోలు అప్పుడు కిందికి పరుచుకుని చాలాచోట్ల ఒకదానితో ఒకటి కలిసిపోయాయి. మొక్కలు, వాటి విత్తనాలు, పురుగులు కొండ నుంచి కొండకు నడిచాయి. వేడి పెరిగాక మళ్లీ ఎవరి శిఖరానికి వాళ్లు చేరారు. ఇది ఒక్కసారి కాదు, మంచుయుగం వచ్చిన ప్రతిసారీ జరిగింది. ఇలా కలవడం, విడిపోవడం వల్లే అక్కడ అన్ని కొత్త జాతులు పుట్టుకొచ్చాయని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం.

ఇందులో ఇంకో ముఖ్యమైన సంగతుంది. వాతావరణం మారితే ఊరు ఊరంతా బండ్లు కట్టుకుని ఒకేసారి వలస పోయినట్టు, అడవి అడవిగా, గడ్డిభూమి గడ్డిభూమిగా కదులుతుందని అనుకుంటాం. అలా కదలదు. ఒక్కో జాతిదీ ఒక్కో నడక. ఆల్డర్ చెట్టు ఉత్తరం నుంచి బొగోటా కొండలకు చేరింది సుమారు పది లక్షల ఏళ్ల కిందట. ఓక్ చేరేసరికి ఇంకో ఐదారు లక్షల ఏళ్లు పట్టింది. అంతకుముందు అక్కడున్న అడవికీ ఇప్పటి అడవికీ పేరొకటే, కుటుంబం వేరు. గాలిపటాల్లా ఎగిరే విత్తనాలున్న సెనెషియో వంటివి మంచు కరిగిన బోడి నేలకు ముందుగా చేరతాయి. ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లే పెరిగే గుబురు మొక్క వెనకబడుతుంది. దాని మీద ఆధారపడి బతికేవి ఇంకా వెనకబడతాయి. పైకి కదిలిన మీటర్లను సగటు తీసి చెప్పినప్పుడు ఈ చీలిక కనబడదు. నాకు దిగులు కలిగించేది సగటు కాదు, ఈ చీలికే.

మన దేశంలోనూ ఇలాంటి చీటీలున్నాయి. తెలుగు సినిమా పాటల్లో తరతరాలుగా చూసిన ఊటీ పచ్చిక కొండలు గుర్తున్నాయా? ఆ నీలగిరుల్లో 2,000 మీటర్లకు పైన, లోయల్లో పీట్ నేలలున్నాయి. కుళ్లీ కుళ్లని మొక్కల పదార్థం వేల ఏళ్లుగా పేరుకున్న నల్లటి నేలలవి. శాస్త్రవేత్తలు రామన్ సుకుమార్, ఆర్. రమేశ్, వారి సహచరులు అందులోని కర్బన ఐసోటోపులను కొలిచి 1993లో నేచర్ పత్రికలో ప్రచురించారు. గడ్డిజాతుల కర్బనానికీ చెట్ల కర్బనానికీ ఐసోటోపుల పాళ్లలో తేడా ఉంటుంది. దాన్ని బట్టి చూస్తే, మంచుయుగపు పొడి రోజుల్లో గడ్డి విస్తరించింది. వానలు బలపడ్డాక చెట్లు, తేమ కోరే మొక్కలు పుంజుకున్నాయి. షోలా అనే కొండ అడవులూ గడ్డీ అక్కడ వేల ఏళ్లుగా వంతులవారీగా ముందుకూ వెనక్కూ జరుగుతూనే ఉన్నాయి. ఆ గడ్డిభూమి మనిషి నరికిన అడవి మిగిల్చిన బీడు కాదు, తనకు తానుగా పురాతనమైన నేల. ఆ సంగతి తెలియని రోజుల్లో దాన్ని పనికిరాని భూమిగా లెక్కగట్టి యూకలిప్టస్, వాటిల్ నాటారు. ఆ నష్టం ఇప్పటికీ పూడలేదు.

హిమాలయాలకు రావాలని హంబోల్ట్ ఎంతో తపించారు. 1814 నుంచి లండన్ చుట్టూ తిరిగినా ఈస్టిండియా కంపెనీ ఆయనకు అనుమతి ఇవ్వలేదు. ఆయన చూడలేకపోయిన ఆ కొండలను ఆయనంటే భక్తి ఉన్న వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ హుకర్ చూశారు. 1848, 1849లలో సిక్కిం లోయల్లో తిరుగుతూ మొక్క పేరు, కోసిన ఎత్తు రెండూ రాసుకున్నారు. మధ్యలో కొన్ని వారాలు సిక్కిం దివాను చెరలో కూడా ఉన్నారు. ఆ చిట్టాలతో ఈనాటి సిక్కింను పోల్చి ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన మహారాజ్ పండిట్ బృందం 2013లో ఫలితాలు వెల్లడించింది. పరిశీలించిన 124 స్థానిక జాతుల్లో 87 శాతం చోటు మారాయి. సగటు వేగం దశాబ్దానికి 27 మీటర్లకు పైనే, జాతికీ జాతికీ చాలా తేడాతో. హుకర్ చూసిన మొక్కల పొందికకూ ఇప్పటి పొందికకూ పోలిక తప్పిపోయింది.

మంచుయుగం తర్వాత వేడి పెరగడానికి వేల ఏళ్లు పట్టింది. మొక్కలకు నడిచే వ్యవధి ఉండేది, నడవడానికి కొండ కూడా ఉండేది. ఇప్పటి వేడికి వ్యవధి తక్కువ. అంటిసానా మీద ఇంకా పైకి చోటుంది, అది కూడా మంచు కరిగి బయటపడ్డ కంకర నేల. పారమో ఉన్న తక్కువ ఎత్తు కొండల మీద శిఖరం తర్వాత ఆకాశమే. ఆ నేల పోతే పోయేది మొక్కలొక్కటే కాదు. పారమో మట్టి వాననూ మంచునూ స్పాంజిలా పీల్చుకుని ఏడాది పొడవునా వదులుతుంది. దక్షిణ క్విటోకు తాగే నీళ్లు అంటిసానా పక్కనున్న లా మికా సరస్సు నుంచి వెళ్తున్నాయి.

అందుకే ఇప్పుడు చీటీలు రాసే పద్ధతే మారింది. వియెన్నా వృక్షశాస్త్రవేత్తలు గియోర్గ్ గ్రాబెర్, మైకేల్ గాట్‌ఫ్రీడ్, హరాల్డ్ పౌలి 1990ల మొదట్లో ఆల్ప్స్ శిఖరాల మీద పాత చిట్టాలను సరిచూసినప్పుడు పడ్డ ఇబ్బందుల నుంచే గ్లోరియా అనే ప్రపంచవ్యాప్త పరిశీలన వ్యవస్థ పుట్టింది. 2001లో ఐరోపా శిఖరాలతో మొదలై, ఆండీస్‌తో సహా చాలా ఖండాలకు పాకింది. పద్ధతి అన్నిచోట్లా ఒకటే. శిఖరానికి ఐదు మీటర్ల దిగువన, నాలుగు దిక్కులా, మూడు మీటర్ల చతురస్రం గీస్తారు. దాని మూలల్లో ఒక్కో చదరపు మీటరును వేరుచేసి, అందులో ఉన్న ప్రతి మొక్కనూ, అది కప్పిన నేల శాతాన్నీ రాస్తారు. పది సెంటీమీటర్ల లోతున ఉష్ణోగ్రత కొలిచే చిన్న పరికరం పాతిపెడతారు. కొండ పేరు, దిక్కు, ఎత్తు, తేదీ, చూసినవాళ్ల పేర్లు అన్నీ నమోదవుతాయి. మూలల గుర్తులు ఊడిపోయినా చోటు తప్పకుండా, చతురస్రాన్ని ఏ కోణం నుంచి ఫొటో తీశారో కూడా రాసి పెడతారు. ఐదు నుంచి పదేళ్లలోపు ఎవరో ఒకరు మళ్లీ అక్కడికి వెళ్లి, అదే చదరపు మీటరు ముందు మోకాళ్ల మీద కూర్చుని, మొక్కలను మొదటి నుంచి లెక్కపెడతారు.